ఎక్కే ముందు దిగే స్టేషన్ చూసుకోండి: నాలుగు స్పేస్ ఒపేరా సిరీస్‌ల పోలిక

స్పేస్ ఒపేరాలో, అంటే అంతరిక్షంలో గ్రహాల మధ్య సాగే భారీ సాహస కథల్లో, ఒక్క నవలతో కథ తేలిపోవడం అరుదు. ఒక లోకాన్ని కట్టాక రచయితలూ వదలరు, పాఠకులూ వదలనివ్వరు. జర్మనీలో పెరీ రోడాన్ అనే సీరియల్ 1961 సెప్టెంబరు 8న మొదలై వారం వారం చిన్న పుస్తకంగా వస్తూ 2019 ఫిబ్రవరిలో 3000వ సంచికకు చేరింది. వారపత్రిక సీరియల్ కోసం వారమంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన మన పెద్దవాళ్ళకు కూడా అది కాస్త ఎక్కువే.

అంత దూరం వద్దుగానీ, ఏడాది పాటు తోడుండే సిరీస్ ఒకటి కావాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఆ ప్రశ్నకు జవాబు సులువుగానే దొరుకుతుంది. దొరకనిది రెండోదానికి: విసుగొస్తే, పని పడితే, పరీక్షలొస్తే ఎక్కడ ఆపొచ్చు? సిరీస్‌లు సగంలో అటకెక్కడానికి అసలు కారణం ఇక్కడుంది. అయిదో పుస్తకం మధ్యలో ఆపినవాళ్ళు ఆర్నెల్ల తర్వాత ఒక్క పేరూ గుర్తులేక మళ్ళీ ముట్టుకోరు. మూడో పుస్తకం చివర, ఒక ఘట్టం ముగిశాక ఆపినవాళ్ళు రెండేళ్ళ తర్వాత కూడా తిరిగొస్తారు.

ఇక్కడ పోలుస్తున్నవి నాలుగు: ఎక్స్‌పాన్స్, వోర్కోసిగన్ సాగా, ఆనర్ హారింగ్టన్, కల్చర్. నాలుగూ పేరున్నవే, నాలుగూ పొడుగైనవే, కానీ వాటిని చదివే తీరు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. లెక్కలన్నీ ఇంగ్లీషు పుస్తకాలవి.

ముందు చూడాల్సినవి

మొదటిది ఆగే చోటు. ప్రతి పుస్తకం తనంతట తాను ముగుస్తుందా, లేక రెండు మూడు కలిపి చదివితే తప్ప ముడి విడదా?

రెండోది మొత్తం బరువు. పుస్తకాల సంఖ్య చూసి మోసపోవద్దు, పేజీలు చూడండి. మెట్రోలోనో, పడుకునే ముందో రోజుకు 20 పేజీలు చదివేవారికి 5000 పేజీలంటే 250 రోజులు. 8400 పేజీలంటే 420 రోజులు. కింది పట్టికలో నెలలు ఈ లెక్కన వేసినవే. ఎడిషన్‌ను బట్టి పేజీలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

మూడోది ఇంగ్లీషు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి పని కోసం ఇంగ్లీషు నేర్చుకున్నవారికీ, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు నవలలు నమిలినవారికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు. కష్టం ఎప్పుడూ పదాల్లోనే ఉండదు. వ్యంగ్యం పట్టుకోవడం, ఎవరి గొంతులో కథ నడుస్తోందో కనిపెట్టడం అంతకంటే కష్టం.

నాలుగోది, మీకు లోపల ఏం కావాలన్నది. ఓడ ఎలా తిరుగుతుందో తెలియాలా, రాజకీయం కావాలా, మనుషులు కావాలా, ఆలోచన కావాలా? నాలుగూ సమానంగా ఇచ్చే సిరీస్ లేదు.

| | ఎక్స్‌పాన్స్ | వోర్కోసిగన్ | ఆనర్ హారింగ్టన్ | కల్చర్ |
|---|---|---|---|---|
| రచన | జేమ్స్ ఎస్. ఎ. కోరీ | లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ | డేవిడ్ వెబర్ | ఇయన్ ఎం. బ్యాంక్స్ |
| తొలి, తాజా నవలలు | 2011, 2021 | 1986, 2016 | 1993, 2018 | 1987, 2012 |
| నవలలు | 9 | 16 | ప్రధాన వరుసలో 14 | 9 |
| రోజుకు 20 పేజీలైతే | 8 నెలలు | 9 నెలలు | 14 నెలలు | ఏడెనిమిది నెలలు |
| ఆగదగ్గ చోట్లు | 3, 6, 9 | దాదాపు ప్రతి పుస్తకం | 2, 6, 9, 14 | ప్రతి పుస్తకం |
| ఇంగ్లీషు | సులువు | మధ్యస్థం | వాక్యం సులువు, వివరణ బరువు | కష్టం |
| బలం | భౌతికశాస్త్రం, రాజకీయం | మనుషులు, హాస్యం | నౌకా యుద్ధం | ఆలోచన, వ్యంగ్యం |

ఎక్స్‌పాన్స్: ఎక్కితే మూడు దాకా దిగనివ్వదు

జేమ్స్ ఎస్. ఎ. కోరీ ఒక మనిషి కాదు. డేనియల్ ఏబ్రహం, టై ఫ్రాంక్ అనే ఇద్దరు కలిసి పెట్టుకున్న పేరు. సిరీస్ ముగిసిపోయింది, తొమ్మిదో నవల లెవయథన్ ఫాల్స్ 2021లో వచ్చింది. తర్వాతి భాగం ఎప్పుడొస్తుందోనని కాచుకునే బాధ లేదు. 2020లో ఉత్తమ సిరీస్‌గా, సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు అందుకుంది.

మనుషులు సౌరకుటుంబమంతా పరుచుకున్నారు కానీ ఇంకా నక్షత్రాలు దాటలేదు. భూమి, అంగారకుడు, గ్రహశకలాల పట్టీలో పుట్టి పెరిగిన బెల్టర్లు, ఈ మూడు పక్షాల మధ్య నలుగురు మనుషులున్న ఒక ఓడ. ఓడల్లో కృత్రిమ గురుత్వాకర్షణ యంత్రాలేమీ లేవు. ఇంజిన్ తోస్తున్నంతసేపూ బరువు ఉంటుంది, ఆపితే తేలతారు. అందుకే ఓడను పొడుగాటి బస్సులా కాక, అంతస్తుల మేడలా కడతారు. ఇంజిన్ ఉన్న వైపే నేల. సగం దారి వేగం పెంచుతూ పోయి, ఓడను వెనక్కి తిప్పి, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ వెళ్తారు. వేగం మరీ పెంచితే గుండె ఆగకుండా సీట్లోంచే ఒంట్లోకి మందు ఎక్కుతుంది.

మాట చేరడానికి పట్టే సమయం కూడా కథలో భాగమే. భూమికీ గురుగ్రహానికీ మధ్య దూరాన్ని బట్టి రేడియో సంకేతం ఒక వైపు చేరడానికే 35 నుంచి 52 నిమిషాలు పడుతుంది. అక్కడ జరిగే ఘోరం గురించి భూమ్మీద ప్రశ్న వేస్తే, గంట గడిచాక గానీ జవాబు రాదు. ఈలోగా అక్కడ అంతా మారిపోయి ఉంటుంది. ఈ సిరీస్‌లో అపార్థాలు సగం ఇలా పుట్టినవే, వాటిని రచయితలు వాడుకున్న తీరు ముచ్చటేస్తుంది.

మన పాఠకులకు రెండో పుస్తకం కాలిబన్స్ వార్‌లో ఒక చిన్న సరదా ఉంది. ఐక్యరాజ్యసమితిలో చక్రం తిప్పే క్రిస్‌జెన్ అవసరాల అనే పెద్దావిడ అక్కడే ప్రవేశిస్తుంది. చీర కడుతుంది, మనవల్ని గారాబం చేస్తుంది, నోరు విప్పితే మాత్రం నావికులు కూడా చెవులు మూసుకోవాలి. అవసరాల అన్నది మన ఇంటిపేర్లలో ఒకటని వేరే చెప్పనక్కర్లేదు. అంగారకుడి మీద మారినర్ లోయలో స్థిరపడిన భారతీయులు, చైనీయులు, టెక్సాస్‌వాళ్ళు కలిసిపోయి అందరూ టెక్సాస్ యాసలోనే మాట్లాడతారు. ఓడ నడిపే ఆలెక్స్ కమాల్ ఆ బాపతే.

చదవడం సులువు. ప్రతి అధ్యాయం పైన ఒక పాత్ర పేరు ఉంటుంది, ఆ అధ్యాయం ఆ మనిషి కళ్ళతోనే నడుస్తుంది. మొదటి పుస్తకంలో ఇద్దరే, రెండోదానిలో నలుగురు. అధ్యాయాలు చిన్నవి. ఇంగ్లీషు నవలల అలవాటు తక్కువ ఉన్నవారికి నాలుగింట్లో ఇదే మేలు.

ఆగే చోట్ల విషయంలో మాత్రం ఇది పిసినారి. మొదటి పుస్తకం ఒక కొలిక్కి వచ్చినా చివర్లో కొక్కెం వేసి లాగుతుంది. మూడోది అబాడన్స్ గేట్‌తో తొలి ఘట్టం పూర్తవుతుంది. నాలుగోది ఒక కొత్త గ్రహం మీద జరిగే కథ, కాస్త విడిగా నిలుస్తుంది. అయిదు, ఆరు ఒకే కథకు రెండు సగాలు. మధ్యలో ఆపడం ఇంటర్వెల్‌లో హాలు వదిలి వెళ్ళడమే. ఆరు ముగిశాక ఆగితే ఏ వెలితీ ఉండదు. ఆ తర్వాత కథ దాదాపు 30 ఏళ్ళు ముందుకు దూకి చివరి మూడు పుస్తకాల ఘట్టం మొదలవుతుంది.

చిన్న కథలు ఎనిమిది ఉన్నాయి, 2022లో మెమరీస్ లీజియన్ పేరుతో ఒకే సంపుటిగా వచ్చాయి. సంపుటి కదా అని చివరికి ఉంచుకోవడం తప్పు. ద చర్న్‌ను అయిదో నవలకు ముందు, ద వైటల్ అబిస్‌ను అయిదు ఆరుల మధ్య, స్ట్రేంజ్ డాగ్స్‌ను ఏడుకు ముందు చదవాలి. స్ట్రేంజ్ డాగ్స్ వదిలేస్తే ఎనిమిదో నవలలో ఒక అమ్మాయి ఎవరో, ఎందుకలా ఉందో అంతుపట్టదు. ద సిన్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్ మాత్రం తొమ్మిదీ అయ్యాకే.

ఇక టీవీ సిరీస్. 62 ఎపిసోడ్లు, మొదటి ఆరు పుస్తకాల కథ. "అది చూశాం కదా, ఏడో పుస్తకంతో మొదలుపెడదాం" అనుకునేవారు బోల్తా పడతారు. పుస్తకాల్లోని ముగ్గురు నలుగురు మనుషుల పనులు టీవీలో డ్రమ్మర్ అనే ఒక్క పాత్రకే అంటగట్టారు. టీవీలో చనిపోయిన ముఖ్య పాత్ర ఒకటి పుస్తకాల్లో నిక్షేపంగా ఉంటుంది. ఓపిక లేకపోతే కనీసం అయిదు, ఆరు చదివి ఏడులోకి వెళ్ళండి.

వోర్కోసిగన్: ప్రతి స్టేషన్లో దిగొచ్చు, కానీ టైమ్‌టేబుల్ గజిబిజి

బరాయార్ అనే గ్రహం శతాబ్దాల పాటు మిగతా మానవలోకంతో తెగిపోయి గుర్రాలు, కత్తులు, జమీందారీల కాలానికి జారిపోయింది. మళ్ళీ దారి తెరుచుకుని కొన్ని తరాలే అయింది. అక్కడి దొరల కుటుంబంలో మైల్స్ వోర్కోసిగన్ పుడతాడు. కడుపులో ఉండగానే తల్లి మీద జరిగిన విషవాయువు దాడి వల్ల ఎముకలు పెళుసు. ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. అంగవైకల్యమంటే అసహ్యించుకునే సమాజంలో సైనికాధికారి కావాలన్నది అతని పంతం. ద వారియర్స్ అప్రెంటిస్ మొదట్లోనే, 17 ఏళ్ళ వయసులో, దేహదారుఢ్య పరీక్షలో గోడ మీంచి దూకి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకుంటాడు. అక్కణ్ణుంచి నోటితో, బుర్రతో నెట్టుకొచ్చే బతుకు.

ఇక్కడ ఓడలు ఎలా నడుస్తాయన్నది పక్క సంగతి. శాస్త్రమంతా కృత్రిమ గర్భాల చుట్టూ, జన్యువుల చుట్టూ తిరుగుతుంది: అవి వస్తే పెళ్ళి ఏమవుతుంది, వారసత్వం ఏమవుతుంది, ఆడవాళ్ళ బతుకేమవుతుంది అని. ఒక్కో నవల ఒక్కో రకం. ఒకటి యుద్ధకథ, ఒకటి అపరాధ పరిశోధన. ఎ సివిల్ క్యాంపెయిన్ అయితే అచ్చంగా పెళ్ళి సంబంధాల ప్రహసనం. అందులోని విందు సన్నివేశం చదువుతూ గట్టిగా నవ్వకుండా ఉండటం కష్టం, మెట్రోలో చదవొద్దు.

సిరీస్ మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక్క పొడుగు కథ చాలు: ద మౌంటెన్స్ ఆఫ్ మోర్నింగ్. వంద పేజీల లోపు. హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ గెలిచింది. కొండల్లోంచి ఒక బాలింత నడిచి వచ్చి దొర ఇంటి ముందు నిలబడి న్యాయం అడుగుతుంది. గ్రహణం మొర్రితో పుట్టిన తన బిడ్డను ఎవరో చంపేశారు. తేల్చి రమ్మని తండ్రి మైల్స్‌ని ఆ ఊరికి పంపుతాడు. అవిటి దొర, అవిటి బిడ్డ చావు మీద తీర్పు చెప్పాలి. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. గ్రహణం నాడు కడుపుతో ఉన్నవాళ్ళను గదిలోంచి కదలనివ్వని ఇళ్ళ నుంచి వచ్చిన పాఠకులకు ఈ కథలో ఏ వివరణా అక్కర్లేదు. ఇది నచ్చకపోతే మిగతా పదహారు నవలల జోలికి వెళ్ళకండి. వేరే పరీక్ష అవసరం లేదు.

గొడవంతా వరుసతోనే. రాసిన వరుస వేరు, కథ నడిచిన వరుస వేరు. షార్డ్స్ ఆఫ్ ఆనర్ 1986లో వచ్చింది. అది ఆగినచోటే మొదలయ్యే బరాయార్ 1991లో. 1988 నాటి ఫాలింగ్ ఫ్రీ కథాకాలం మైల్స్ పుట్టకముందు రెండు వందల ఏళ్ళ నాటిది. అది నెబ్యులా గెలిచిన నవలే అయినా కాలక్రమం పేరుతో దాన్ని మొదట చదవడం పెద్ద పొరపాటు, ఎందుకంటే అందులో మైల్సూ లేడు, బరాయారూ లేదు. డిప్లొమాటిక్ ఇమ్యూనిటీకి ముందు చదివితే సరిగ్గా అతుకుతుంది.

ఈ సిరీస్‌లోకి రెండు తలుపులు. మనసులు, పెద్దవాళ్ళ ప్రేమ, రాజకీయం ఇష్టమైతే మైల్స్ తల్లి కార్డీలియా తలుపు: షార్డ్స్ ఆఫ్ ఆనర్, బరాయార్ వెంటవెంటనే. ఆ రెండిటితో ఆగినా పూర్తి కథ చదివినట్టే. అల్లరి, వేగం కావాలంటే మైల్స్ తలుపు: ద వారియర్స్ అప్రెంటిస్. అక్కణ్ణుంచి కాలక్రమం పట్టుకుని పోవచ్చు. ఏ తలుపులో వచ్చినా మూడు చోట్ల వరుస తప్పకూడదు. బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ చదవకుండా మిర్రర్ డాన్స్ పట్టుకోవద్దు. మిర్రర్ డాన్స్ కాకుండా మెమరీ వద్దు. మైల్స్ చేసే ఒక పెద్ద తప్పుకు కారణం ముందు పుస్తకంలో ఉంది. కెప్టెన్ వోర్‌పాట్రిల్స్ అలయన్స్ 2012లో వచ్చినా కథ 2010 నాటి క్రయోబర్న్‌కు ముందు జరుగుతుంది. క్రయోబర్న్ చివరి పేజీల దెబ్బ తగలాలంటే దాన్ని తర్వాతే చదవాలి.

కొనేటప్పుడు ఇంకో చిక్కు. పాత నవలల్ని రెండు మూడు కలిపి కొత్త పేర్లతో సంపుటాలుగా వేశారు, కవరు మీద కొత్త పేరే పెద్దగా ఉంటుంది. కార్డీలియాస్ ఆనర్ అంటే షార్డ్స్, బరాయార్ కలిపినదే. యంగ్ మైల్స్‌లో వారియర్స్ అప్రెంటిస్, మౌంటెన్స్ ఆఫ్ మోర్నింగ్, ద వోర్ గేమ్ ఉంటాయి. లాబిరింత్ అనే పొడుగు కథ రెండు వేర్వేరు సంపుటాల్లో ఉంది. లోపల విషయసూచిక చూడకుండా డబ్బు కడితే ఒకే కథను రెండుసార్లు కొంటారు.

ఆనర్ హారింగ్టన్: ఓపిక ఉన్నవారికి ఫిరంగి మోత

నెపోలియన్ కాలపు బ్రిటిష్ నౌకాదళ నవలల్ని తీసుకెళ్ళి అంతరిక్షంలో పెడితే ఇది. మాంటికోర్ రాజ్యం చిన్నది, సంపన్నమైనది. హేవెన్ రిపబ్లిక్ పెద్దది, ఆకలిగొన్నది. హేవెన్‌లో విప్లవం తెచ్చే నాయకుడి పేరు రాబ్ ఎస్. పియెర్, ఫ్రెంచి విప్లవ నాయకుడు రోబెస్పియర్ గుర్తున్నవారికి ఆ పేరు చాలు. కథానాయిక ఆనర్ నౌకాధికారి, ఆమె భుజం మీద నిమిట్జ్ అనే ఆరు కాళ్ళ పిల్లిలాంటి జంతువు.

ఓడకు పైనా కిందా దాటశక్యంకాని గురుత్వాకర్షణ పలకలు ఉంటాయి. పక్కలకు అంతకంటే బలహీనమైన కవచం. ముందూ వెనకా బార్లా తెరిచి ఉంటుంది. అందుకే యుద్ధమంతా ఎవరు ఎవరి ముక్కుకు అడ్డంగా రాగలరన్న పట్టు మీద నడుస్తుంది. ఈ ఒక్క నియమాన్ని పట్టుకుని వెబర్ పుస్తకం తర్వాత పుస్తకం కొత్త ఎత్తులు వేస్తారు. క్షిపణుల లెక్కలు, దూరాలు, క్షణాలు అన్నీ ఉంటాయి. చదరంగం ఆడేవారికి పండగ.

తక్కినవారికి పరీక్ష. మొదటి పుస్తకం ఆన్ బాసిలిస్క్ స్టేషన్‌లో ఆఖరి వెంబడింపు ఊపందుకున్న సమయంలో కథ ఆపి అతివేగ ప్రయాణ చరిత్ర మీద పేజీలకు పేజీలు పాఠం చెబుతారు. అక్కడ పుస్తకం మూసేసినవారు ఎందరో. ఆ పేజీలు దాటేయండి, కథకు నష్టమేమీ లేదు. రెండోది ద ఆనర్ ఆఫ్ ది క్వీన్ దానికంటే బిగువైన నవల. అక్కడ ఆగి నిర్ణయించుకోండి. మూడు, నాలుగు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఏడు, ఎనిమిది కూడా అంతే, ఏడు దగ్గర ఆపడం అన్యాయం. తొమ్మిది దగ్గర మంచి విరామం.

పదకొండు దాటాక సిరీస్ లావెక్కుతుంది, దానికి కారణం ఉంది. పదకొండో పుస్తకంతో ఆనర్ కథ ముగించి తర్వాతి తరానికి దూకాలన్నది మొదటి ఆలోచన. ఎరిక్ ఫ్లింట్‌తో కలిసి రాసిన ఉపకథ క్రౌన్ ఆఫ్ స్లేవ్స్ వల్ల కొత్త శత్రువులు అనుకున్నదానికంటే ముందే రంగం మీదికి వచ్చేశారు. దాంతో ప్రధాన వరుస, రెండు ఉపవరుసలు పెనవేసుకుపోయాయి. పన్నెండోది మిషన్ ఆఫ్ ఆనర్ పట్టుకునే ముందు ఉపవరుసల్లోంచి క్రౌన్ ఆఫ్ స్లేవ్స్, టార్చ్ ఆఫ్ ఫ్రీడమ్, ద షాడో ఆఫ్ సగనామీ, స్టార్మ్ ఫ్రమ్ ద షాడోస్ చదివి ఉండాలి. అంటే ఇంకో నాలుగు లావుపాటి పుస్తకాలు. పైగా షాడో ఆఫ్ విక్టరీలో అప్పటికే చదివిన సంఘటనలు మళ్ళీ ఇంకో కోణంలో వస్తాయి. అభిమానులకు ఇష్టమే, మిగతావారు తొమ్మిది దగ్గర దిగిపోవడమే మంచిది.

కల్చర్: వరుస లేదు, దయ కూడా తక్కువే

డబ్బు లేని, లేమి లేని, చావు కూడా ఐచ్ఛికమైన నాగరికత. దాన్ని నడిపేవి మైండ్లు అనే మహా మేధో యంత్రాలు. ఓడలంటే అవే, తమ పేర్లు తామే పెట్టుకుంటాయి. రాకెట్లు దిగడానికి స్పేస్ఎక్స్ వాడే సముద్రపు వేదికల పేర్లు జస్ట్ రీడ్ ది ఇన్‌స్ట్రక్షన్స్, ఆఫ్ కోర్స్ ఐ స్టిల్ లవ్ యూ ఈ నవలల్లోని ఓడలవే. అన్నీ ఉన్న సమాజం, లేని సమాజాల్లో వేలు పెట్టొచ్చా అన్నదే తొమ్మిది నవలల్లోనూ నలిగే ప్రశ్న.

పాత్రలు మారిపోతాయి, కాలం వందల ఏళ్ళు మారిపోతుంది. ఏ పుస్తకమైనా విడిగా చదవొచ్చు. బ్యాంక్స్ 2013లో చనిపోయారు, ఇంక కొత్తవి రావు.

తొలి నవల కన్సిడర్ ఫ్లెబస్‌తో మొదలుపెట్టినవారిలో చాలామంది అక్కడే ఆగిపోతారు. అందులో కథానాయకుడు కల్చర్‌కు శత్రువు, కథ ఒక సాహసం నుంచి ఇంకో సాహసానికి గెంతుతుంది, కల్చర్ లోపల ఎలా ఉంటుందో దాదాపు కనబడదు. రెండోది ద ప్లేయర్ ఆఫ్ గేమ్స్ సరైన తలుపు. ఆటల్లో ఆరితేరిన గుర్గే అనే మనిషిని, ఆటలో గెలిచినవాడే చక్రవర్తి అయ్యే ఆజాద్ సామ్రాజ్యానికి పంపుతారు. కథ తిన్నగా నడుస్తుంది, చిన్నది, చివర్లో చెంపదెబ్బ ఉంది.

తర్వాత యూజ్ ఆఫ్ వెపన్స్. ఇందులో అధ్యాయాలు రెండు వరుసలు: వన్, టూ అని ఇంగ్లీషు మాటల్లో సంఖ్య వేసినవి ముందుకు, రోమన్ అంకెలవి వెనక్కి నడుస్తాయి. అధ్యాయం సంఖ్య చూడకుండా చదివితే సగంలో తల తిరుగుతుంది. ఆడియోబుక్‌గా ఇది వద్దు, కంటికి అంకె కనబడాలి. సర్ఫేస్ డీటెయిల్‌ను దీని తర్వాతే చదవండి. దాని చివరి మాటకు అర్థం ఇందులో ఉంది. ఎక్సెషన్‌లో ఓడలు ఒకదానికొకటి పంపుకునే సందేశాలే సగం పుస్తకం. ఏ ఓడ ఏ పక్షమో కాగితం మీద రాసుకోకపోతే నూరో పేజీకే పట్టు జారిపోతుంది. ఇన్వర్షన్స్‌లో కల్చర్ పేరు కూడా పెద్దగా వినబడదు, పైకి అదొక రాజుల కాలపు కథ. కనీసం మూడు నవలలు అయ్యాక చదివితేనే అందులోని చమత్కారం అందుతుంది.

వాక్యాలు పొడుగు, వ్యంగ్యం పొడి. కష్టమన్నది ఈ విషయంలోనే.

ఎవరికి ఏది

ఇంగ్లీషు నవల పూర్తిచేసిన అలవాటు పెద్దగా లేదనుకుంటే ఎక్స్‌పాన్స్. మూడు పుస్తకాలు, దాదాపు మూడు నెలలు అని ముందే గిరి గీసుకోండి. సమయం ముక్కలు ముక్కలుగా దొరికేవారికి, అంటే చంటిపిల్లలున్నవారికి, షిఫ్టు డ్యూటీల్లో ఉన్నవారికి, వోర్కోసిగన్. ఏ నవల దగ్గర ఆగినా అప్పు మిగలదు. ఏడాదికి రెండు మూడు పుస్తకాలే చదువుతూ ఒక్కోదాని మీద నెల రోజులు ఆలోచించేవారికి కల్చర్. సెలవుల్లో ఒకే లోకంలో మునిగిపోవాలనుకునేవారికి, యుద్ధ చరిత్ర ఇష్టమున్నవారికి ఆనర్.

వినడమే తప్ప చదివే తీరిక లేకపోతే ఎక్స్‌పాన్స్ జెఫర్సన్ మేస్ గొంతులో, వోర్కోసిగన్ గ్రోవర్ గార్డ్‌నర్ గొంతులో హాయిగా సాగుతాయి. ఆనర్ పుస్తకాల్లో పాఠాలు వినడానికి మరీ బరువు. కాగితం మీదైతే కన్ను దాటేస్తుంది, చెవి దాటేయలేదు.

ఇంట్లో పదో తరగతి పిల్లలకు ఇద్దామనుకునేవారు ఒక్క విషయం చూసుకోవాలి. షార్డ్స్ ఆఫ్ ఆనర్, ఆనర్ రెండో పుస్తకం, రెండిట్లోనూ లైంగిక హింస ఉంది. యూజ్ ఆఫ్ వెపన్స్ పెద్దవాళ్ళకే నిద్ర పట్టనివ్వదు. ఎక్స్‌పాన్స్‌లో బూతు ఎక్కువ. పిల్లల చేతికి ద వారియర్స్ అప్రెంటిస్ ఇవ్వడం నయం.

అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ పుస్తకాల దగ్గర ఈ రచయితలు తగిలినా వరుసలో తగలరు. కల్చర్ అయితే ఏది దొరికితే అది కొనేయొచ్చు. వోర్కోసిగన్ అయితే పైన చెప్పిన మూడు జాగ్రత్తలు గుర్తుంచుకుని కొనాలి. ఎక్స్‌పాన్స్ నాలుగో భాగమో, ఆనర్ ఎనిమిదో భాగమో చవగ్గా దొరికిందని కొంటే మొదటి భాగాలు చేతికొచ్చేదాకా అది అల్మారాలో దుమ్ము తింటుంది.

మొదలుపెట్టిన రోజే పోస్టుకార్డంత అట్టముక్క ఒకటి పుస్తకంలో పెట్టుకోండి. ఒక వైపు పేరు, పక్షం, ఓడ. పదిహేను పేర్లకు మించి వద్దు. రెండో వైపు పుస్తకం ముగించిన రోజున నాలుగు వాక్యాలు: ఎవరు బతికున్నారు, ఎవరు ఎక్కడున్నారు, ఏ ముడి విడలేదు, ఎవరు ఎవరికి ఏ అబద్ధం చెప్పారు. చాలామంది నాలుగోది రాయడం మర్చిపోతారు, తర్వాతి పుస్తకంలో తడబడేది అక్కడే. ఆనర్ పన్నెండో పుస్తకానికి చేరేసరికి ఇలాంటి అట్టలు పదిహేను దాకా పోగవుతాయి; వాటిని రబ్బరు బ్యాండు వేసి మొదటి పుస్తకంలోనే పెట్టండి.